లెక్కకెక్కని పొదుపు

కుక్కర్లో కాల్చిన కేకు, పెరట్లో కాసిన కూర, పాత చీరలతో కుట్టిన బొంత మధ్యతరగతి ఇంటిని గట్టెక్కించాయి. వాటి వెనకున్న గంటలను మాత్రం ఇల్లూ లెక్కపెట్టలేదు, దేశమూ లెక్కపెట్టలేదు.

భారతీయ మధ్యతరగతి వంటింట్లోకి ఓవెన్ చాలా ఆలస్యంగా వచ్చింది. కేకు మాత్రం దానికోసం ఆగలేదు. 1970, 80 దశకాల్లో చాలా ఇళ్లలో ఓవెన్ అంటే ప్రెషర్ కుక్కరే. అడుగున ఇసుకో, రాళ్ల ఉప్పో పోసి, మూతకున్న రబ్బరు రింగు, పైనున్న వెయిట్ తీసేసేవారు. కుక్కర్ బాగా వేడెక్కాక పిండి పోసిన అల్యూమినియం గిన్నెను లోపలికి దించేవారు. ఇసుక ఉండటం వల్ల మంట సెగ ఒక్కచోటే తగలకుండా నిదానంగా, సమంగా అందుతుంది. ముప్పావు గంట తర్వాత కొత్త చీపురు పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకూడదు. గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు పెరుగు, వంటసోడా. పెరుగులోని పులుపు సోడాతో కలిసి పుట్టే వాయువే పిండిని పొంగిస్తుంది. వెన్నకు డబ్బు చాలకపోతే డాల్డా, అదీ లేకపోతే నూనె. పైన మెరిసే టూటీ ఫ్రూటీ కూడా విదేశీ పండేమీ కాదు. పచ్చి బొప్పాయి ముక్కలను పంచదార పాకంలో ఉడికించి రంగు కలిపితే వచ్చేదే.

దొరికినదాంతో సరిపెట్టుకోవడం ఈ దేశంలో కేకు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే బేకరీ యజమాని ఓ ఇంగ్లిష్ తోటల యజమాని కోసం క్రిస్మస్ కేకు చేశాడని, ఫ్రెంచి బ్రాందీ బదులు స్థానికంగా కాచిన సారా వాడాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలహాబాద్‌లో (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్ కేకులో వెన్న బదులు నెయ్యి, ఖరీదైన పండ్ల ముక్కల బదులు బూడిద గుమ్మడికాయతో చేసే పేఠా వేశాయి. సరుకులన్నీ మూటగట్టుకుని బేకరీకి వెళ్లి, పక్కన నిలబడి కలిపించి, కాల్పించుకుని రావడం అక్కడి ఆనవాయితీ. అలా సర్దుకోవడమే కాలక్రమంలో ఓ ప్రత్యేకమైన రుచిగా మారింది.

పెరటి సంగతీ అంతే. గోదావరి జిల్లాల్లో దొడ్డి అన్నా, మరోచోట పెరడు అన్నా, అందులో కనిపించే సరంజామా దాదాపు ఒకటే. ఓ కరివేపాకు చెట్టు, ఓ మునగ, గోడ మీదికి పాకిన ఆనప పాదు, పందిరికి దొండ లేదా బీర. గిన్నెలు కడిగిన నీళ్లు అరటి మొదట్లోకి పోతాయి. కాసిన కాయలో పారేసేది చాలా తక్కువ. బీరకాయ కూరకైతే దాని పొట్టు పచ్చడికి. అరటిలో కాయ, పువ్వు, దవ్వ మూడూ కూరకు పనికొస్తాయి. ఆకులో భోజనం. ఎక్కువగా కాసిన కాయలు ఎండకు ఎండి ఒరుగులవుతాయి, వానాకాలంలో పులుసులోకి వస్తాయి. ఫ్రిజ్ లేని రోజుల్లో ఎండే ఫ్రిజ్.

దేశానికి అవసరం వచ్చినప్పుడు ప్రభుత్వం కూడా పెరటినే గుర్తుచేసుకుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆహారోత్పత్తి పెంచాలంటూ ప్రచారం చేపట్టింది. 1965లో ఓ పక్క యుద్ధం, మరో పక్క తిండిగింజల కొరత ముంచుకొచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఓ పూట భోజనం మానమని ప్రజలను కోరారు. తన అధికార నివాసంలోని పచ్చికను దున్నించి పంట వేయించారు.

ఇక మూడోది, పాత బట్ట. చిరిగిన చీరను పారేయడం ఈ దేశంలో ఎక్కడా ఆనవాయితీ కాదు. నాలుగు చీరలు పొరలు పొరలుగా పరిచి కుడితే తెలుగిళ్లలో అది బొంత. బెంగాల్లో కాంథా, బీహార్‌లో సుజనీ, మహారాష్ట్రలో గోధడీ, ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ మహిళల చేతుల్లో కవంది. పేర్లు వేరైనా సూత్రం ఒకటే. బొంతకు కూడా పనికిరాని బట్ట మూటగట్టి ఇస్తే గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమె ఓ స్టీలు గిన్నె ఇచ్చేది. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లని వీధి ఆ రోజుల్లో అరుదు.

ఇంత నేర్పుకు విలువ ఎంత? కాకినాడలో ఓ రిటైర్డ్ గుమాస్తా భార్య రాసుకున్న పద్దుల పుస్తకాల్లో దీనికి సూటిగా జవాబు దొరుకుతుంది. ఆమెకిప్పుడు 70 దాటాయి. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టిన పద్దు ఇంతవరకూ ఆపలేదు. పాలు, అద్దె, చీటీ, కిరోసిన్, బడి ఫీజు అన్నీ పైసలతో సహా ఉన్నాయి. మధ్యమధ్యలో సున్నాలు. గుమ్మడికాయ పెరటిది, సున్నా. పిల్లల గౌన్లు ఇంట్లో కుట్టినవి, కుట్టుకూలి సున్నా. బొంత, పాత చీరలు, సున్నా.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పెద్ద కూతురు సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఆ పుస్తకాలు తిరగేసింది.

"అమ్మా, ఇన్ని సున్నాలేంటే?"

"డబ్బు పెట్టలేదుగా. సున్నా కాక ఇంకేం రాస్తారు?"

కూతురు ఒక్క గుమ్మడి వడియాల పద్దునే తీసుకుని గంటలు కట్టడం మొదలుపెట్టింది. ముందు రోజు రాత్రి బూడిద గుమ్మడికాయ తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటగట్టి, నీరు కారిపోయేలా బరువు పెట్టాలి. నానిన మినప్పప్పును తెల్లారకముందే గట్టిగా రుబ్బాలి. ఎండ ఎక్కేలోపు మేడ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టాలి. కాకులకు కాపలా కాయాలి. సాయంత్రం తీసి, మర్నాడు మళ్లీ పరచాలి. గలగలమని చప్పుడయ్యేదాకా అలా నాలుగైదు రోజులు. ఆ వారంలో మామూలు వంటా, అంట్లూ, బట్టలూ ఉండనే ఉన్నాయి. "ఇంత చాకిరీ ఎందుకే, ఓ ప్యాకెట్ కొనుక్కుంటే పోయేదిగా?" అంది కూతురు.

తల్లి నొచ్చుకుంది. "ఇప్పుడు కొనగలవు కాబట్టి అంటున్నావు. ఆ మిగిలిందంతా ఎటుపోయిందనుకుంటున్నావే? నీ కంప్యూటర్ కోర్సు ఫీజు మీ నాన్న జీతంలోంచి రాలేదు, నా పోపుల డబ్బాలోంచి వచ్చింది."

ఆ జవాబులో ఇంటి రాజకీయమంతా ఉంది. జీతం ఎలా ఖర్చుపెట్టాలో భర్త నిర్ణయిస్తాడు. జీతంలోంచి మిగిల్చింది ఎలా ఖర్చుపెట్టాలో భార్య నిర్ణయిస్తుంది. వేరే సంపాదన లేని ఆడదానికి సొంత డబ్బంటూ ఉండాలంటే దారి ఒక్కటే: కొనాల్సింది కొనకుండా, తన చేత్తో చేసి మిగల్చడం. కాబట్టి ఈ పొదుపును ఉత్త చాకిరీ అని తోసేస్తే ఆమె తెలివినీ, అధికారాన్నీ కాదన్నట్లే. అలాగని గృహలక్ష్మి అంటూ హారతి పడితే ఆమె గంటల్ని మింగేసినట్లే. అక్కడ పొదుపైంది డబ్బు మాత్రమే. ఖర్చయింది ఆమె కాలం.

కాకినాడ పుస్తకంలోని సున్నాయే దేశం లెక్కల్లోనూ ఉంది. జాతీయ నమూనా సర్వేల్లో ఇంటి పనులు మాత్రమే చేసేవారికి కోడ్ 92. ఇంటి పనులతోపాటు కూరలు, కట్టెలు సేకరించడం, ఇంటి వాడకానికి కుట్లు, అల్లికలు వంటివి చేసేవారికి కోడ్ 93. రెండు కోడ్‌ల వారూ శ్రామిక శక్తిలో లేనట్లే లెక్క. 2011-12 నాటి 68వ విడత సర్వేలో ఇంటి పనులకే పరిమితమైన మహిళల్ని పెరటి తోట చూస్తారా, బుట్టలు అల్లుతారా, బట్టలు కుడతారా అని ప్రత్యేకంగా అడిగారు కూడా. అడిగి రాసుకున్నారు. అయినా వారిని శ్రామికుల్లో చేర్చలేదు. 2017లో మొదలైన కార్మిక శక్తి సర్వే కూడా ఆ కోడ్‌లనే కొనసాగించింది. విచిత్రమేమిటంటే అంతర్జాతీయ జాతీయాదాయ లెక్కల పద్ధతి ప్రకారం ఇంటి వాడకానికి కూర పండించడం, ఆహారం ఎండబెట్టి నిల్వ చేయడం, బట్టలు కుట్టడం ఉత్పత్తి కిందికే వస్తాయి. వండి వడ్డించడమే రాదు. అంటే అదే సూత్రం ప్రకారం వడియాలు పెట్టడం ఉత్పత్తి, వేయించి వడ్డించడం కాదు.

అదే వస్తువు గడప దాటితే అంతా మారిపోతుంది. 1959లో ముంబైలోని గిర్‌గావ్‌లో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్ పాపడ్. అప్పడం అదే, ఎండా అదే. ఇంట్లోవాళ్లకు ఒత్తితే ఇంటిపని, అమ్మడానికి ఒత్తితే ఉపాధి. హైదరాబాద్‌లో స్వగృహ పేరుతో వెలసిన మిఠాయి, పచ్చళ్ల దుకాణాలు అమ్మేది కూడా ఒకప్పుడు ఇళ్లలో సున్నా పద్దు కింద ఉన్న సరుకునే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఇంట్లో కేకు నేర్చుకున్న ఎందరో మహిళలు తర్వాత వాట్సప్‌లో ఆర్డర్లు తీసుకున్నారు. ధర వేయాల్సి వచ్చేసరికి చాలామందికి మొదటిసారి ఓ ప్రశ్న ఎదురైంది: మైదా, పంచదార, గ్యాసు సరే, మన గంటకు ఎంత?

సమయ వినియోగంపై కేంద్ర గణాంక శాఖ జరిపిన సర్వేలు ఆ గంటలను కొంతవరకు బయటపెట్టాయి. 2019లో జీతం లేని ఇంటిపని చేసిన మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు. ఆ పని చేసిన మగవాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఐదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గింది. మగవాళ్ల సాయమూ దాదాపు అంతే తగ్గింది.

ఇంకో మార్పు కూడా ఉంది. అవసరంగా ఉన్నంతకాలం ఆడవాళ్ల పనిగా ఉన్నది అభిరుచిగా మారేసరికి మగవాళ్లకూ ముచ్చటైంది. నగరాల్లో మిద్దె తోటల గురించి సభల్లో మాట్లాడేది, పత్రికల్లో ఫొటోలకు నిలబడేది ఎక్కువగా వాళ్లే. అందులో తప్పేమీ లేదు. 2023 జులైలో టమాటా చాలా నగరాల్లో కిలో 200 రూపాయలు దాటినప్పుడు మేడ మీద కాసిన పది కాయలు కూడా ఊరటే. కాకపోతే కుండీలు, కొబ్బరి పొట్టు, ఎరువు, డ్రిప్ పైపుల ఖర్చు కలిపితే తొలి ఏడాది ఆ టమాటా బజారు ధరకన్నా ఖరీదే పడుతుంది. అభిరుచికి అది సమంజసమే. దాన్ని పొదుపు అనకుండా ఉంటే చాలు. పైగా ఇప్పుడు కొనడమూ తేలికవుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకులు, బిస్కెట్లపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. డబ్బు మిగల్చడానికి ఇంట్లో కేకు కాల్చాల్సిన అవసరం చాలా ఇళ్లలో పోయింది.

అవసరం పోయాక కూడా పని మిగలడమే చిక్కు. కాకినాడ ఇంట్లో పెన్షన్ వస్తోంది, కూతుళ్లు పంపుతున్నారు. ఆమె మోకాళ్లు మేడ మెట్లకు ఒప్పుకోవడం లేదు. అయినా పెరట్లో గుమ్మడి కాసింది కాబట్టి వడియాలు పెట్టాల్సిందే. "మానేయమంటే మానేస్తాను. మరి నేనేం చెయ్యను?" అన్నది ఆమె ప్రశ్న. మానేయమని చెప్పడం కూతురికి తేలిక. ఆ నేర్పు తల్లితోనే పోకూడదనుకుంటే మాత్రం ఇంకెవరో ఒకరు తెల్లారకముందే లేవాలి.

ఈసారి సంక్రాంతి వెళ్లాక పెట్టిన వడియాల పద్దు ఆ పుస్తకంలో ఉంది. మినప్పప్పు ధర రాసి ఉంది. గుమ్మడికాయ పక్కన ఎప్పటిలాగే సున్నా. దాని కింద ఇన్నేళ్లలో ఎన్నడూ లేని ఓ వాక్యం: పిండి అల్లుడు రుబ్బాడు, మేడ మీద కాకులకు కాపలా ఆయన ఉన్నారు, నాలుగు రోజులు.