తాత పొదిలో కత్తి

కత్తి పదును చూడమంటే చాలామంది అంచు వెంబడి వేలు లాగుతారు. అలా లాగితే వేలు తెగుతుంది. మా తాత బొటనవేలు తడిచేసుకుని, అంచుకి అడ్డంగా, ఆనీ ఆననట్టు ఆనించేవాడు. పదునున్న కత్తి చర్మాన్ని పట్టుకుంటుంది, మొద్దుబారింది జారిపోతుంది.

ఊళ్ళో క్షవరాలు తాత వృత్తి. అందుకు కూలిగా కళ్ళం దగ్గర మేర ధాన్యం కొలిచేవాళ్ళు. పొదిలో కత్తెర, గోరుగల్లు, పటిక ముక్క మేం ముట్టుకున్నా ఊరుకునేవాడు. కత్తి జోలికి మాత్రం రానిచ్చేవాడు కాదు.

పదును చూడడానికి ఆయన బాగా నమ్మింది వెంట్రుకని. నాయనమ్మ తలంటుకున్న రోజు ఆవిడ దువ్వెనలోంచి నూనె లేని వెంట్రుక తీసి, ఒక కొస పట్టుకుని అంచుకి తాకించేవాడు. తెగి రాలాలి. వంగిందా, కత్తి మళ్ళీ తోలుపట్టీ మీదికి వెళ్ళాల్సిందే. అంచు మొదట్లో, నడుమ, చివర కూడా చూసేవాడు. తెగని ఆ కాస్త చోటే గడ్డాన్ని పీకుతుందట. నొక్కు పడిందని అనుమానమొస్తే తడి గోటి మీద బరువు మోపకుండా లాగేవాడు. నొక్కుంటే టక్కున తగులుతుంది. గోరు కూడా పదును తింటుంది కాబట్టి ఈ పరీక్ష సాన పట్టే ముందే.

సానరాయి మీద నీళ్ళు చల్లి, వీపూ అంచూ రెండూ ఆనేలా కత్తిని పడుకోబెట్టి, అంచు ముందుగా తోసేవాడు. వీపు లేచిందంటే వాలు చెడినట్టే. తోలు మీద ఇదంతా తిరగబడుతుంది. వీపు ముందు, అంచు వెనక. చివరికొచ్చాక వీపు మీదుగానే తిప్పాలి. అంచు మీదుగా తిప్పితే తోలు తెగుతుంది, పదునూ పోతుంది.

"రాయి తింటదిరా నాన్నా, తోలు కాస్తది" అనేవాడు. నిజమే, రాయి ఉక్కును అరగదీస్తుంది, తోలు వంగిన అంచును నిలబెడుతుంది. రాయి నెలల తరబడి పొదిలోనే ఉండేది. తోలు ప్రతి గడ్డానికీ బయటికొచ్చేది.

మొద్దు కత్తికి చేతి బలం కావాలి. బలం పెడితేనే గాటు పడుతుంది. ముడతలు పడిన ముసలి బుగ్గల మీద ఆ తేడా మరీ తెలుస్తుంది. తాత శ్రద్ధంతా ఆ బుగ్గల కోసమేనని నా నమ్మకం.

1990ల్లో ఎయిడ్స్ భయం పెరిగాక సెలూన్లలో మనిషికో కొత్త సగం బ్లేడు స్థిరపడింది. ఒకరి రక్తం ఇంకొకరికి తగలకూడదు కాబట్టి అది రావలసిన మార్పే. మా నాన్న కూడా బ్లేడు విరిచి హోల్డర్లో బిగిస్తాడు. ఆయనకి పదును పెట్టే పని లేదు. కానీ ఎండు గడ్డం ఎంత మంచి అంచునైనా చెడగొడుతుందని తాత చెప్పింది మరిచిపోలేదు. ఎంత తొందరలో ఉన్న కుర్రాడినైనా, గడ్డం బాగా నానేదాకా కుర్చీలో కూర్చోబెడతాడు.