ఐగుప్తు అంటే పాపమేనా?

బైబిలు గురించి రాయమని నన్ను అడిగేవాళ్ళు రెండు రకాలు. ఒకరు మన హాస్టళ్ళలో చదువుకుంటున్న పిల్లలు. "అన్నా, పాత నిబంధన దేవుడు ఒట్టి కోపిష్టి గదా, యేసు వచ్చాకే గదా ప్రేమ మొదలైంది" అంటారు. రెండోవాళ్ళు సభల్లో మాట్లాడే మనవాళ్ళు. "ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడ్డట్టే మనమూ కులం నుంచి బయటపడాలి" అని మైకు పగిలేలా చెప్తారు. రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. మొదటి మాట కొత్తది కాదు. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో మార్కియన్ అనే ఆయన అదే అన్నాడు. 144 ప్రాంతంలో రోములోని సంఘం ఆయన్ని వెలివేసింది. ఆయన పోయాడు గానీ ఆ మాట పోలేదు, ఇప్పటికీ ఆదివారం ప్రసంగాల్లో తిరుగుతూనే ఉంది. రెండో మాట సంగతి ఈ రోజు మాట్లాడుకుందాం. అది తేలితే మొదటిది కూడా కొంత తేలుతుంది.

నేను పెరిగింది పల్లె గుడిలో. అయ్యగారు నిర్గమకాండం ఎత్తినప్పుడల్లా అర్థం ఒకటే. ఐగుప్తు అంటే పాపం. ఫరో అంటే సాతాను. ఎర్ర సముద్రం బాప్తిస్మం, అరణ్యం ఈ లోక యాత్ర, కనాను పరలోకం. ఇది అయ్యగారు సొంతంగా కనిపెట్టింది కాదు. సముద్రం దాటడాన్ని బాప్తిస్మంతో పోల్చింది పౌలు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో. మూడో శతాబ్దంలో ఓరిగెన్ దాన్ని ఇంకా సాగదీసి, ఫరోని అపవాదిగా, ఐగుప్తుని ఈ లోకంగా చదివాడు. ఓరిగెన్ అలెగ్జాండ్రియావాడు, అంటే పుట్టి పెరిగింది ఐగుప్తులోనే! అక్కడి నుంచి మా పల్లె గుడిదాకా పద్దెనిమిది వందల ఏళ్ళు ఆ అర్థం నడిచి వచ్చింది. దారిలో ఒకటి జారిపోయింది. ఇటుకలు.

మా అమ్మ చాలా ఏళ్ళు ఇటుక బట్టీలో పనిచేసింది. ముందు అడ్వాన్సు తీసుకోవడం, తర్వాత సీజనంతా వెయ్యికింత అని లెక్క. రాత్రి వాన కొడితే ఆరబెట్టిన పచ్చి ఇటుక కరిగి మళ్ళీ మట్టయిపోతుంది. అది కోసిన కష్టం లెక్కలోకి రాదు. అమ్మకి చదువు రాదు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం నిర్గమకాండం ఐదో అధ్యాయం చదివి వినిపించాను. మోషే, అహరోను వెళ్ళి ఫరోని మూడు రోజులు సెలవు అడుగుతారు, ఎడారిలోకి పోయి మా దేవుణ్ణి కొలుచుకుంటామని. ఫరో ఒప్పుకోడు. వీళ్ళకి పని తక్కువై ఇలాంటి మాటలు పుడుతున్నాయి, సోమరిపోతులు అంటాడు. ఆ రోజు నుంచి ఇటుకలకు గడ్డి ఇవ్వొద్దు, వాళ్ళే పోయి ఏరుకోవాలి అని హుకుం.

"లెక్క తగ్గించాడా?" అని అడిగింది అమ్మ.

"లేదు."

"తగ్గించరు."

గడ్డి ఎందుకో నాకు తెలియదు, అమ్మే చెప్పింది. మట్టి ఎండకి పగలకుండా. "మనం ఊక కలుపుతాం గదరా, అట్టాంటిదే." తర్వాత భాగం చదివాను. లెక్క కుదరక దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల మీద పెట్టిన నాయకులు, వాళ్ళు కూడా ఇశ్రాయేలీయులే. వాళ్ళు ఫరో దగ్గరికి పోయి మొరపెట్టుకుంటే మళ్ళీ సోమరులనే మాటే. బయటికొచ్చి మోషేని పట్టుకుని తిట్టారు, నువ్వొచ్చి మమ్మల్ని ఇంకా చెడగొట్టావని. నాకు ఆ నాయకుల మీద కోపం వచ్చింది. అమ్మకి రాలేదు. "మేస్త్రీలు కూడా వాళ్ళోళ్ళేగా. ఆయన వచ్చి మాట చెప్పి పోయె. దెబ్బలు తినేది ఎవరు? తిట్టరా మరి?" అంది.

పల్లెకి పోయి ఒక్క మీటింగు పెట్టి, ఆ రాత్రికే టౌనుకి వచ్చేసే మనలాంటివాళ్ళం ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఐగుప్తు అంటే పాపం అని చదివితే మేస్త్రీ కనపడడు, గడ్డి కనపడదు, లెక్క కనపడదు.

సరే, ఇది జరిగిందా? నిజాయితీగా మాట్లాడుకుందాం. పురుషులే ఆరు లక్షల మంది నడిచి వెళ్ళారని గ్రంథం చెప్తుంది. పిల్లలూ ఆడవాళ్ళూ కలిస్తే ఇరవై లక్షలు దాటుతారు. అంత జనం నలభై ఏళ్ళు సీనాయి ఎడారిలో తిరిగిన ఆనవాలు ఏదీ తవ్వకాల్లో దొరకలేదు. యెహోషువ కూల్చాడన్న యెరికో గోడల సంగతీ అంతే. 1950ల్లో కాథ్లీన్ కెన్యన్ తవ్వి చూస్తే, యెహోషువ కాలమని అనుకుంటున్న రోజుల్లో అక్కడ గోడలున్న పట్నమే లేదని తేలింది.

మరి దొరికిందేమిటి? మెర్నెప్తా అనే ఫరో క్రీ.పూ. 1208 ప్రాంతంలో చెక్కించుకున్న విజయ శాసనం ఉంది. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వి తీశాడు. కనాను దేశంలో తాను అణిచేసినవాళ్ళ జాబితాలో ఇశ్రాయేలు పేరు వేయించాడు, వాళ్ళకిక విత్తనం కూడా లేదన్నట్టు గొప్ప చెప్పుకున్నాడు. ఇప్పటిదాకా దొరికినవాటిలో ఇశ్రాయేలు పేరు ఖాయంగా కనపడే అన్నిటికంటే పాత రాత ఇదే. ఒక జాతి పేరు చరిత్రలోకి మొదట ఎక్కింది, వాళ్ళు నాశనమైపోయారని శత్రువు చెక్కించుకున్న రాతి మీద! అదే కాలంలో, ఇప్పుడు వెస్ట్ బ్యాంక్ అంటున్న కొండల్లో రెండు వందలకు పైగా చిన్న చిన్న ఊళ్ళు కొత్తగా వెలిశాయి. రాజభవనాలు లేవు, పెద్ద గుళ్ళు లేవు. వాళ్ళ కుండలు చూస్తే కనానీయుల కుండలకు చుట్టాలే. భాష చూస్తే హెబ్రీ కూడా కనాను భాషల్లో ఒకటి, యెషయా గ్రంథమే దాన్ని కనాను భాష అంటుంది. అందుకే ఈ రోజు చాలామంది పండితులు ఇశ్రాయేలీయుల్లో ఎక్కువమంది బయట నుంచి దండెత్తి వచ్చినవాళ్ళు కాదు, కనాను నేల మీద పుట్టినవాళ్ళే అంటున్నారు. నార్మన్ గాట్వాల్డ్ అయితే 1979లో పెద్ద పుస్తకమే రాశాడు, పట్నపు రాజులకు పన్నులు కట్టలేక తిరగబడి కొండలెక్కిన రైతులూ కూలీలే ఇశ్రాయేలు అని. ఆ తిరుగుబాటు ఆయన చెప్పినంత తీరుగా జరిగిందని నేను నమ్మను. కానీ ఒకటి మర్చిపోవద్దు. ఆ రోజుల్లో కనాను మొత్తం ఐగుప్తు ఏలుబడిలోనే ఉంది. ఫరో చేతి కింద నుంచి బయటపడటానికి సముద్రం దాటాల్సిన పని లేదు. చిన్న గుంపు ఏదైనా నిజంగా ఐగుప్తు నుంచి పారిపోయి వచ్చి ఈ కొండ జనంలో కలిసి ఉండొచ్చు. వాళ్ళ కథలో అందరూ తమ కథని గుర్తుపట్టి ఉంటారు.

గుర్తుపట్టినంత మాత్రాన మారిపోయారా? సొలొమోను సంగతి చూడండి. మొదటి రాజుల గ్రంథం ప్రకారం ముప్పై వేలమంది ఇశ్రాయేలీయుల్ని వెట్టికి పట్టి, నెలకు పదివేల చొప్పున లెబానోనుకి తోలాడు, గుడికి దూలాల కోసం. మా గుడిలో సొలొమోను జ్ఞానం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో చెప్పలేను, ఈ ముప్పై వేలమంది గురించి ఒక్కటీ వినలేదు. ఆయన పోయాక కొడుకు రెహబాము బరువు తగ్గించనన్నాడు, ఇంకా పెంచుతానన్నాడు. వెట్టి పనుల మీద అధికారి అదోరాముని పంపితే జనం రాళ్ళతో కొట్టి చంపారు. రాజ్యం రెండు ముక్కలైంది. విడిపోయిన ఉత్తరాది వాళ్ళు బేతేలులో దూడను నిలబెట్టుకుని, ఐగుప్తు నుంచి మనల్ని తెచ్చింది ఈ దేవుడే అనుకున్నారు. విగ్రహారాధన అని తిట్టడానికే ఈ ఘట్టం వాడతారు. నాకు మాత్రం సొంత రాజు ఫరో అయితే ఏం చేయాలో ఆ జనానికి తెలుసనిపిస్తుంది.

ఇక క్రైస్తవ వ్యాఖ్యానం. హోషేయ ప్రవక్త పదకొండో అధ్యాయంలో, దేవుడు తన కుమారుణ్ణి ఐగుప్తు నుంచి పిలిచిన సంగతి గుర్తుచేస్తాడు. ఆ కుమారుడంటే ఇశ్రాయేలు జనం, జరిగిపోయిన సంగతి. మత్తయి సువార్త దాన్నే బాల యేసు ఐగుప్తు నుంచి తిరిగి రావడానికి ప్రవచనంగా చూపించింది. మత్తయి యూదుడిగానే రాశాడు, తన జనం కథని ఒక మనిషి బతుకులో మళ్ళీ చూశాడు. దాన్ని నేను తప్పుపట్టను. తర్వాతివాళ్ళు ఆ జనాన్నే కథలోంచి గెంటేశారు. రెండో శతాబ్దంలో సార్దీసు బిషప్పు మెలితో పస్కా మీద చేసిన ప్రసంగం ఒకటి దొరుకుతుంది. పస్కా గొర్రెపిల్ల యేసుకి ఛాయ అని మొదలుపెట్టి, ఇశ్రాయేలు దేవుణ్ణే చంపిందనే నిందదాకా పోతాడు. బానిసత్వం నుంచి బయటపడ్డ పండగ, ఆ పండగ చేసుకునేవాళ్ళ మీదే నేరారోపణ పత్రమైంది! ఆ నింద మీద యూరప్‌లో ఎన్ని వందల ఏళ్ళు యూదుల్ని తరిమారో, చంపారో మీకు తెలుసు. మన పిల్లలు "యూదులు క్రీస్తుని చంపారు" అని తేలిగ్గా అనేస్తుంటారు. శిలువ వేసింది రోము ప్రభుత్వం. ఒక జాతికి జాతినే పుట్టుకతో దోషులంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ వివరించక్కర్లేదు కదా.

కొందరు యజమానులకు మాత్రం ఈ పుస్తకం ఎంత ప్రమాదమో బాగా అర్థమైంది. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చేశారు, వెస్టిండీస్ దీవుల్లోని నల్ల బానిసల కోసం ఏరిన భాగాలని పేరు పెట్టి. అందులో యోసేపు బానిసగా అమ్ముడుపోయిన కథ ఉంది, పది ఆజ్ఞలు ఉన్నాయి, దాసులు యజమానులకు లోబడాలన్న పౌలు పత్రిక మాటా ఉంది. మోషే జనాన్ని ఐగుప్తు దాటించిన భాగం కోసేశారు. ఐగుప్తు అంటే పాపమే అయితే కోయడం ఎందుకు? అమెరికాలో బానిసలు మాత్రం ఆ కథని పాటల్లో దాచుకున్నారు. మనుషుల్ని దాటించిన హారియట్ టబ్‌మన్‌ని మోషే అనే పిలుచుకున్నారు.

ఇక్కడిదాకా చదివి "అయితే మన సభల్లో చెప్పేది కరెక్టే" అనుకుంటారు. ఆగండి. 1989లో రాబర్ట్ అలెన్ వారియర్ అనే ఒసేజ్ ఆదివాసీ మేధావి ఒక వ్యాసం రాశాడు. మీరంతా ఈ కథలో ఇశ్రాయేలీయులుగా నిలబడుతున్నారు, నేను చదివితే కనానీయుల పక్కన నిలబడతాను అన్నాడు. వాగ్దాన దేశంలో అప్పటికే ఉంటున్నవాళ్ళ మాటేమిటి? తెల్లవాళ్ళు అమెరికాలో దిగి, మేమే కొత్త ఇశ్రాయేలు, ఇది మా కనాను అని ఆదివాసుల్ని చంపారు గదా. పాలస్తీనా భూముల మీద అదే గ్రంథం చూపించేవాళ్ళు ఈ రోజూ ఉన్నారు. నిర్గమకాండం దగ్గర ఆపి యెహోషువ గ్రంథం మొదలుపెట్టకుండా మూసేయడం మన ఉపన్యాసాల్లో అలవాటు. లేవీయకాండం ఇరవై ఐదో అధ్యాయంలో సాటి ఇశ్రాయేలీయుణ్ణి బానిసగా వాడొద్దని ఉంది, అక్కడే అన్యజనుల్ని బానిసలుగా కొనుక్కోవచ్చనీ ఉంది. రెండూ చదవాలి.

దీనికి జవాబు ఆ గ్రంథం లోపలే ఒకడు చెప్పాడు. తెకోవ ఊరి ఆమోసు, మందలు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడు. బేతేలు గుడి యాజకుడు అమజ్యా ఆయన్ని, ఇది రాజుగారి గుడి, మీ ఊరు పోయి చెప్పుకో అని తరిమాడు. ఆ ఆమోసు తొమ్మిదో అధ్యాయంలో దేవుడి నోట ఏమనిపిస్తాడంటే, నాకు మీరూ కూషీయులూ ఒకటే, మిమ్మల్ని ఐగుప్తు నుంచి తెచ్చినట్టే ఫిలిష్తీయుల్ని కఫ్తోరు నుంచి, అరామీయుల్ని కీరు నుంచి తెచ్చానని. ఆ ఇద్దరూ ఇశ్రాయేలుకి బద్ధశత్రువులు. నిర్గమం ఒక్క జాతి సొత్తు కాదని క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలోనే అన్నాడాయన. వారియర్ అడిగిన ప్రశ్నకి ఇది పూర్తి జవాబు కాదు, చచ్చిపోయిన కనానీయులు తిరిగి రారు. కానీ నేను మైకు పట్టుకుంటే యెహోషువ కంటే ముందు ఆమోసుని పిలుస్తాను.

మన దళిత క్రైస్తవ వేదాంతంలో అరవింద్ నిర్మల్ ఎన్నుకున్నది ద్వితీయోపదేశకాండం ఇరవై ఆరో అధ్యాయం. పంట చేతికొచ్చాక తొలి ఫలాలు గంపలో పెట్టుకుని యాజకుడి ముందుకు పోయి, మా పూర్వీకుడు దిక్కులేక తిరిగినవాడు, మేం వెట్టి చేసినవాళ్ళం అని నోరు తెరిచి చెప్పాలి. అంటే భూమి దొరికినవాడు చెప్పాల్సిన మాట అది. మనలో ఎంతమందికి ఆ గంప ఉంది?

ఒంగోలు వైపు సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కరువు కూలి ఇప్పించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మిషను చరిత్రల్లో ఆ రోజు గురించి ఆత్మల పంట అని రాసుకున్నారు. ఆ నీళ్ళలో దిగినవాళ్ళలో కాలువ మట్టి మోసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఐగుప్తు అంటే ఏమని అర్థమైందో ఎవరూ అడిగి రాసిపెట్టలేదు.

వచ్చే భాగంలో ఎజ్రా గ్రంథం. బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు అన్యజాతి భార్యల్ని పిల్లలతో సహా పంపించేసిన సంగతి, దానికి ఎదురు నిలబడిన మోయాబు ఆడమనిషి రూతు సంగతి. ఈలోపు నిర్గమకాండం 5, మొదటి రాజులు 12, ఆమోసు 9 ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వీలైతే కూలి చేసినవాళ్ళకి.

జై భీమ్.