మా ముత్తాతగారి బొమ్మ

చిత్రకళ తరగతిలో మనిషి బొమ్మ చేయవలసి వచ్చినప్పుడు నేను మా ముత్తాతగారిని తలచుకొన్నాను. ఆయన బాగన్ దాతో కొబ్బరితోటలో కూలిపని చేసినవారు. మా ఇంట ఆయన ఛాయాచిత్రం ఒక్కటి కూడా లేదు.

ఉత్త మట్టితో చేసిన మొదటి బొమ్మ కాళ్లు కుంగి పడిపోయింది. "మనిషికి ఎముకలుండాలి కదా!" అంటూ ఉపాధ్యాయినిగారు తీగ ఇచ్చారు. తల పొడవుకు ఏడు రెట్ల ఎత్తున తీగను కట్టి, దానిపై మట్టి అద్దాను. బొమ్మ నిలిచింది.

ఇంటికి తెచ్చి అమ్మమ్మకు చూపాను. "మా నాన్న ఇంత నిటారుగా ఎన్నడు నిలిచాడు తల్లీ! కాయలు మోసి మోసి ఆయన నడుము వంగిపోయింది" అన్నది.

తీగను మెల్లగా ముందుకు వంచాను. నడుము వద్ద మట్టి చీలింది. తడివేలితో పూడ్చినా ఒక గీత మిగిలిపోయింది.

అమ్మమ్మ ఆ గీతను నిమిరి, చాలాసేపు మాట్లాడలేదు.