వేలిముద్ర

మా మనవరాలు సర్కారు ఉద్యోగం పరీక్షకు చదువుతూన్నది. పొద్దస్తమానం పుస్తకాలతో కుస్తీయే. మొన్న నన్ను పట్టుకుని, "తాతయ్యా, రేపటి ప్రభుత్వోద్యోగికి వుండవలసిన లక్షణాలేమిటి? వ్యాసం వ్రాయాలి," అన్నది. ముప్ఫయ్యారేళ్లు తపాలా శాఖలో గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి గదా, గడగడా చెప్పేస్తాననుకున్నది కాబోలు!

అసలు ఆ పిల్లకు తెలియనిదేమున్నది? ముస్సోరీ అకాడమీ ఆదర్శవాక్యం 'శీలం పరం భూషణం' అని చెప్పింది. ఉద్యోగుల శిక్షణకు కేంద్రం 2020లో 'మిషన్ కర్మయోగి' తెచ్చిందన్నది. నిజాయితీ వుండాలనీ, కంప్యూటరు రావాలనీ వ్రాసుకున్నది. అన్నీ నిజమే. నాకు మాత్రం ఒక ముసలమ్మ జ్ఞాపకం వచ్చింది.

అది 1976. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. పోస్టుమాన్ వచ్చిన వేళ యింట్లో లేదట; నాలుగు మైళ్లు నడిచి మనియార్డరు కోసం ఆఫీసుకే వచ్చింది. ముప్ఫయి రూపాయలు. ఆమెకు సంతకం రాదు. వేలిముద్ర వేసేవారికి సాక్షి వుండాలని రూలు.

"సాక్షిని తీసుకురా," అన్నాను.

సాక్షి అనగానే కోర్టు వ్యవహారమనుకుని బిత్తరపోయింది. "నాకు సాక్షులెవరున్నారు బాబూ?" అన్నది.

"అయితే రేపు రా," అని వెనకనున్నవాణ్ణి పిలిచాను.

మర్నాడు వచ్చింది. ఆ వేళకు ప్రక్క కిరాణాకొట్టు శెట్టిగారు కవర్లు కొనడానికి వచ్చి, ఆమెను చూసి తానే సాక్షి సంతకం పెట్టాడు. "ఇరవై యేళ్లుగా మా కొట్లోనే ఉప్పూ పప్పూ కొంటున్నదండీ! నిన్న ఒక్క కేక వేస్తే రాకపోయానా?" అన్నాడు.

డబ్బు లెక్కపెట్టి, ఫారం అడుగున వున్న కూపను చించి యిచ్చాను. "మా వాడేం వ్రాశాడు బాబూ?" అన్నది. చదివాను. చెల్లికి జబ్బుగా వున్నదట, ఆ డబ్బుతో వెంటనే బయలుదేరి రమ్మన్నాడు.

ఆమె నన్నొక్క మాట అనలేదు. కూపను కొంగున ముడివేసుకుని స్టేషను వైపు నడిచింది. కూతురు దక్కిందో లేదో నాకు నేటికీ తెలియదు. రూలు ప్రకారం నా తప్పేమీ లేదు. సంజాయిషీ అడిగినవారూ లేరు.

గత నవంబరులో వేలిముద్ర వేసే వంతు నాకు వచ్చింది. పింఛనుదారులం బతికే వున్నామని యేటా ఋజువు చూపాలి. లేకపోతే పింఛను ఆగిపోతుంది. పోస్టాఫీసు అమ్మాయి చేతియంత్రం పట్టుకుని యింటికే వచ్చింది. నా బొటనవ్రేలు పడలేదు. చూపుడువ్రేలూ పడలేదు. నాకు గుండె దడదడలాడింది.

ఆ అమ్మాయి 'రేపు చూద్దాం' అనలేదు. చేతులు కడిగి తుడుచుకోమన్నది. అప్పటికీ పడకపోతే, "ఫరవాలేదండీ, ముఖం చూపించినా సరిపోతుంది," అని నన్ను వెలుతురులో కూర్చోబెట్టి ఫోనుతో పని ముగించింది. ఏమి నమోదయిందో తెలుగులో చెప్పింది. నేను చదువుకున్నవాణ్ణే, అయినా చెప్పింది.

మా మనవరాలితో యిదంతా చెప్పి అన్నాను: "చూడమ్మా, యంత్రం నేర్చుకోవడం కష్టంకాదు. రూలు సగం చదివినవాడు 'రేపు రా' అంటాడు. పూర్తిగా చదివి, ఎదుటి మనిషికి తెలిసే మాటల్లో అడగగలిగినవాడు దారి చూస్తాడు. నేను 'సాక్షి' అనే బదులు 'ఈ బజారులో నిన్నెరిగినవాళ్లెవరమ్మా?' అంటే సరిపోయేది."

పిల్ల కలం ప్రక్కన పెట్టి చాలాసేపు ఊరుకున్నది. తరువాత, "ఆమె పేరేమిటి తాతయ్యా?" అన్నది.

నాకు జ్ఞాపకం లేదు. ఫారం మీద వ్రాసే వున్నది. నేను చూసింది వేలిముద్ర మాత్రమే.