చేటంత చెవుల చిన్న నక్క

మన భాష నక్కకి చేసినంత అన్యాయం ఇంకే జంతువుకీ చేయలేదనిపిస్తుంది నాకు. నక్క జిత్తులు, నక్క వినయాలు, గుంటనక్క చూపులు... ఇవే లేకపోతే మా నవలా రచయితలకి ఆస్తి కాజేసే మేనమామల్ని పరిచయం చేయడం ఎంత కష్టమయ్యేదో! ఒక్క తోకకి మాత్రం ఎందుకో మినహాయింపు ఇచ్చారు. దాన్ని తొక్కి వస్తే అదృష్టమట. తొక్కించుకున్న నక్క సంగతేమిటని ఎవరూ అడగలేదు.

గుంటనక్క అన్నది తిట్టు మాత్రమే కాదండీ, పేరు కూడా. మన మెట్ట ప్రాంతాల్లో, బీళ్లలో బొరియ తవ్వుకుని కాపరం చేసుకునే చిన్న నక్క అది. ఎలుకల్నీ పురుగుల్నీ తిని రైతుకి మేలే చేస్తుంది. దానికి దూరపు దాయాది ఒకటి సహారా ఎడారిలో వుంది. పేరు ఫెన్నెక్. అరబ్బీలో ఈ నక్కని ఫనక్ అంటారట, దాన్నించి వచ్చిందీ పేరు. మొరాకో మొదలుకుని ఈజిప్టులోని సైనై దాకా ఆ ఇసుకంతా దాని పుట్టిల్లే. కుక్క, తోడేలు, నక్క... ఈ కుటుంబం మొత్తానికీ ఇదే చిన్నది. బరువు కిలో, మహా వుంటే కిలోన్నర. పిల్లికన్నా చిన్న ప్రాణి. చెవులు మాత్రం 15 సెంటీమీటర్ల దాకా, అంటే దాదాపు అరడుగు! పెద్దక్క నగలన్నీ దిగేసుకుని పేరంటానికి వచ్చిన చిన్నపిల్లలా వుంటుంది చూడ్డానికి.

ఆ చెవులు షోకుకి కావు. ఒంట్లోని వేడి వాటిలోని సన్నటి రక్తనాళాల గుండా గాలిలోకి పోతుంది. ఇక వినికిడి చూడబోతే, ఇసుక అడుగున పాకే పురుగు చప్పుడు కూడా వినిపిస్తుంది. విన్నచోటే ముందుకాళ్లతో తవ్వి పట్టుకుంటుంది. పాదాల అడుగున కూడా దట్టంగా బొచ్చు వుంటుంది. కాలే ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవడానికి దేవుడిచ్చిన జోళ్లన్నమాట. పగలంతా బొరియలో పడుకుని, పొద్దు వాలాకే బయటికొస్తుంది. వేడి 35 డిగ్రీలు దాటితేనే రొప్పడం మొదలుపెడుతుందట. మామూలుగా నిమిషానికి 24 సార్లు ఊపిరి తీసే ప్రాణి అప్పుడు 690 సార్లు దాకా తీస్తుంది. 20 డిగ్రీల కన్నా చల్లబడితే వణుకుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది దాని నీళ్ల పొదుపు. తాగడానికి నీళ్లు లేకపోయినా బతికేస్తుంది. పురుగులు, తొండలు, పిట్టగుడ్లు, పళ్లు, దుంపలు... వీటిలో వున్న తడే దానికి చాలు. మూత్రపిండాలు ఒక్క చుక్క వృథాగా పోనివ్వవు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో కాపరం చేసిన ఆడవాళ్లకి దాని విలువ నేను వేరే చెప్పాలా?

ఈ నక్కని నేను మొదట చూసింది బొమ్మల్లో కాదు, ఒక పుస్తకంలో. సెంటెగ్జూపెరీ అనే ఫ్రెంచి రచయిత విమానాలు నడిపేవాడు. 1935 డిసెంబరు 30న పారిస్ నించి సైగాన్ వెళ్తూ, లిబియా ఎడారిలో ఆయన విమానం కూలిపోయింది. ఆయనా, మెకానిక్ ప్రెవో బతికి బయటపడ్డారు గానీ, నీళ్లు లేవు. ఎడారిలో ఒక బాటసారి కంటబడేదాకా దాహంతో నాలుగు రోజులు చావుకి దగ్గరగా తిరిగారు. ఆ స్థితిలో ఇసుక మీద చిన్నచిన్న అడుగులు కనిపించాయట. ఫెన్నెక్ అడుగులు. ఆకలితో ఉచ్చులు పన్నిన మనిషే, ఉచ్చులు వట్టిపోయాక, ఆ అడుగుల వెంట నడుస్తూ నక్క వంటిల్లు ఎలా సాగుతోందో చూస్తూ వెళ్లాడు!

చూసిందేమిటంటే, అక్కడక్కడ ఎండుపొదలు, వాటి కొమ్మలకి చిట్టిచిట్టి నత్తలు. నక్క ప్రతి పొద దగ్గరా ఆగలేదు. ఆగినచోట కూడా రెండో మూడో తిని పక్క పొదకి పోయింది. ఒక్క పొదనే ఊడ్చేస్తే రేపటికి నత్తలుండవు కదా. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. మా అమ్మ కరివేపాకు కోసేది అలాగే. ఈ కొమ్మ నించి ఒక రెబ్బ, ఆ కొమ్మ నించి ఒక రెబ్బ. పక్కింటావిడొచ్చి కొమ్మకి కొమ్మ విరుచుకుపోతే ఆ పూట అమ్మ ముఖం చూడాలి! 1939లో ఆ పుస్తకం అచ్చయింది. తర్వాత 1943లో ఆయన రాసిన చిట్టి రాజకుమారుడి కథలోనూ పొడుగు చెవుల నక్క కనిపిస్తుంది.

మొన్నామధ్య అమెరికా నించి మా అక్క కూతురు ఫోన్ చేసింది. పెళ్లయి ఏడాదిన్నర. అల్లుడు పొద్దున వెళ్తే రాత్రికి గానీ రాడు. ఉద్యోగం చెయ్యడానికి దాని వీసా ఒప్పుకోదు. “పిన్నీ, ఒకటి పంపించా చూడు, ఎంత ముద్దుగా వుందో! ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో పెంచుకోనిస్తారు. కొందామనుకుంటున్నా” అంది. చూద్దును గదా, ఫెన్నెక్!

“ఏమే, నువ్వు పడుకునే వేళకి అది లేస్తుందే” అన్నాను.

“అలవాటు చేస్తా.”

“పది మీటర్ల పొడుగు సొరంగం తవ్వుకునే ప్రాణి. నీ సోఫా ఏం గాను? ఇసుక కింద పురుగు అడుగులు వినే చెవులే అవి. వాటి పక్కన నువ్వు మిక్సీ వేస్తావు. కుక్కరు మూడు విజిళ్లు వేస్తుంది.”

అటునించి మాట లేదు. నేనే మాట్లాడుతూ పోయాను. అది ఒంటరిగా వుండే జీవి కాదనీ, ఆలుమగలూ పిల్లలూ కలిసి వుంటాయనీ, కొన్నిచోట్ల ఇరుగుపొరుగు బొరియలు కలిసిపోయి వుంటాయనీ చెప్పాను. ఏడాదికి ఒక్క కాన్పు, 50 రోజుల గర్భం, ఒకటి నించి నాలుగు పిల్లలు. కళ్లు మూసుకుని, ఆ ఘనమైన చెవులు మడతపెట్టుకుని పుడతాయి. తల్లి పిల్లల్ని వదలదు. గుంట దగ్గర కాపలా కాసి తిండి తెచ్చిపెట్టేది మగనక్క. (ఈ మాట మా వారికి వినపడేలా కాస్త గట్టిగానే అన్నాను.) బోనులో పెట్టి, బాలింత నక్కని మనుషులు కదిలిస్తే బెదిరిపోయి కన్నపిల్లల్నే చంపుకోవడం కూడా వుంది. దక్షిణ ట్యునీషియాలో పట్టుకొచ్చిన పిల్లల్ని పట్టపగలు చేతుల్లో పెట్టి, వచ్చిన యాత్రికుల చేత ఫొటోలు తీయించి డబ్బులు చేసుకునేవాళ్లు వున్నారు. ఫొటోలో నక్క కళ్లు చిట్లించుకుని వుంటే నవ్వుతోందనుకుంటారు జనం. అది దానికి నిద్రవేళ.

“పాపం కదా” అంది చివరికి.

“కుక్కపిల్లని తెచ్చుకోవే. వేల ఏళ్లుగా మనతో కాపరం చేస్తున్నది అదీ.”

“ఊఁ” అంది. కాసేపు ఆగి, “అది సరే గానీ పిన్నీ, నువ్వెప్పుడొస్తావు?” అని అడిగింది.

నవల రెండు అధ్యాయాలు బాకీ వుంది. ఎడిటరుగారు చూస్తే కోప్పడతారేమో గానీ, వీసా కాగితాలు మాత్రం బల్లమీదకి తీశాను.