కుళాయి దాకా బాగానే ఉంది

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ముందు వార్త వచ్చింది. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండొచ్చన్నారు. అసలు సంగతి ఏదైనా, ఆ వారం రోజులూ టీకొట్ల దగ్గర కూడా సీసం గురించే మాట్లాడుకున్నారు. తర్వాత అందరూ మర్చిపోయారు. మామూలు రోజుల్లో, మామూలు ఊళ్లో, ఇంట్లో తాగే నీళ్లలో సీసం ఉందో లేదో ఎవరు చూస్తున్నారు? అది తెలుసుకుందామని ఏలూరు కాలువ వెంబడి ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీకి వెళ్లాను. ఊరి పేరు రాయనంటేనే అన్నీ చూపిస్తామన్నారు. అందుకని రాయడం లేదు.

ఊరి చివర మంచినీళ్ల చెరువు. కాలువ కట్టేసే వేసవి రోజులకని నింపి పెట్టుకుంటారు. గట్టు దిగితే ఫిల్టర్ బెడ్లు. చెరువు నీళ్లలో పటిక కలుపుతారు, మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లను ఇసుక పొరల్లోంచి వడకడతారు, ఆ తర్వాత క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కిస్తారు. ఆపరేటరు ఈ పనిలోనే తల నెరిసిన మనిషి. గాజు గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్ ఎంతుందో చూసే ఓటీ ద్రావణం చుక్కలు వేసి, వెలుతురుకి ఎత్తి చూపించాడు. నీళ్లు లేత పసుపు రంగుకి తిరిగాయి. క్లోరోస్కోప్‌లోని రంగులతో పోల్చి, "సరిపోయింది సార్. ఊళ్లో ఆఖరి కుళాయి దగ్గర కూడా 0.2 ఉండాలి. లేదంటే పొద్దున్నే కౌన్సిలరు గారి ఫోనే" అన్నాడు.

"మరి సీసం?"

"అది ఇక్కడ చూడలేం సార్. పెద్ద మిషను కావాలి. శాంపిల్ పైకి పంపిస్తాం. రిపోర్టులో ఎప్పుడూ లిమిట్ లోపలే అని వస్తుంది."

శాంపిల్ ఎక్కడ పడతారని అడిగాను. "ఇంకెక్కడ సార్, ఈ ట్యాంకు దగ్గరే."

మెలిక అక్కడే ఉంది. నీళ్లలో సీసం పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తానికి పది మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కన్నా చాలా తక్కువ. రంగు లేదు, వాసన లేదు, రుచి తేడా లేదు. కాచినా పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకాస్త చిక్కబడుతుంది. పైగా సీసం చాలాసార్లు చెరువులోంచి రాదు. ట్యాంకు దాటాక, దారిలోని గొట్టాల నుంచీ కుళాయిల నుంచీ నీళ్లలోకి దిగుతుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఊరిలో జరిగింది అదే. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి నది నీళ్లకు మారారు. ఆ నీళ్లు గొట్టాలను తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత సీసపు గొట్టాల్లోని సీసం జనం గ్లాసుల్లోకి వచ్చింది. ఆ ఊరి పిల్లల రక్తంలో సీసం పెరిగిందని మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టరు 2015లో లెక్కలతో బయటపెడితే గానీ అధికారులు ఒప్పుకోలేదు.

"మన ఊళ్లో సీసపు గొట్టాల్లేవు సార్" అన్నాడు ఆపరేటరు. నిజమే, అక్కడంతా సిమెంటు గొట్టాలు, ఇనప గొట్టాలు, పీవీసీ. అయినా ఒక ప్లంబరుని వెంటబెట్టుకుని వీధుల్లోకి వెళ్లాను. అతను తన సంచిలోంచి రెండు పీవీసీ ముక్కలు తీసి చూపించాడు. ఒకదాని మీద భారత ప్రమాణం ఐఎస్ 4985 ముద్ర ఉంది, రెండోదాని మీద ఏమీ లేదు. "రెండోది చౌక. ఇల్లు కట్టేవాళ్లు ఇదే తెమ్మంటారు" అన్నాడు. పీవీసీ వేడికి చెడకుండా ఉండటానికి మన దేశంలో చాలా ఏళ్లు సీసపు లవణాలే కలిపారు. వాటిని మాన్పించడానికి కేంద్రం 2021లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. ముద్ర లేని గొట్టంలో ఏం కలిపారో చెప్పే నాథుడు లేడు.

తర్వాత ఇత్తడి కుళాయి. లేత్ మీద సులువుగా తెగుతుందని కుళాయిల ఇత్తడిలో రెండు మూడు శాతం దాకా సీసం కలుపుతారు. పాత తుక్కు కరిగించి పోసిన చౌక కుళాయిల్లో ఎంత ఉంటుందో చేసినవాడికే తెలియదు. ఈ ఊళ్లో నీళ్లు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వదులుతారు. మిగతా సమయమంతా కుళాయి మెడలో నీళ్లు కదలకుండా నిలిచే ఉంటాయి. తెల్లారి లేవగానే మొదటి చెంబు పట్టుకునేది ఆ నిలవ నీళ్లే. ఒకింటావిడతో ఈ మాటంటే, "మొదటి నీళ్లు మడికి మంచివని దేవుడి చెంబుకే పడతామండీ, తర్వాత అవే తీర్థం" అంది.

సీసం గిన్నెల్లోంచి కూడా దిగుతుందేమో చూద్దామని బజారు వెనక సందులో కళాయి సాయిబు గారి కొట్టుకి వెళ్లాను. స్టీలు వచ్చాక బేరం పడిపోయిందట. ఈ మధ్య ఇత్తడి గిన్నెల మోజు మళ్లీ పుట్టడంతో కాస్త చేతినిండా పని దొరుకుతోంది. కొలిమి మీద గిన్నె వేడెక్కాక నవాసాగరం చల్లాడు. తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క రాసి, దూదితో గిన్నె చుట్టూ ఒక్క తిప్పు తిప్పేసరికి లోపలంతా తెల్లగా మెరిసింది. మంచి తగరం ఎలా గుర్తుపడతావని అడిగితే, సన్నటి కడ్డీ ఒకటి నా చెవి దగ్గర పెట్టి వంచాడు. కిర్రుమంది. "అసలు తగరం అరుస్తుంది సార్. సీసం అరవదు." సీసం కలిసిన టంకం ముక్క తీసి కాగితం మీద గీశాడు. బూడిదరంగు గీత పడింది. "తగరం ధర సీసానికి పది రెట్ల పైమాటే. అందుకని టంకం కరిగించి పూసేవాళ్లున్నారు. చూడ్డానికి తేడా తెలీదు. చింతపండు పులుసు కాచే గిన్నెకి నేను మాత్రం ఆ పని చెయ్యను." పులుపు తగిలితే సీసం ఇంకా తొందరగా దిగుతుందని ఎవరూ చెప్పకుండానే అతనికి తెలుసు. అదే కొట్లో బకెట్లకి మాట్లు వేసేది మాత్రం టంకంతోనే. కింద రాలిన పొట్టులో అతని మనవడు కూర్చుని జంతిక తింటున్నాడు. పిల్లాడి చేతులు కడిగించమన్నాను. తాత నవ్వి, నీళ్ల చెంబు అందుకున్నాడు.

ఆ వయసు పిల్లలకే సీసం ఎక్కువ చేటు. పెద్దవాళ్ల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా సీసం వాళ్ల ఒంటికి పడుతుందనీ, ఇంతవరకు పరవాలేదు అనదగ్గ మోతాదే లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తెలివితేటలూ చదువులో నిలకడా తగ్గుతాయి. జ్వరంలా బయటికి కనబడదు కాబట్టి ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరు. రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన సీసం ఉన్న పిల్లలు మన దేశంలో 27.5 కోట్ల మంది ఉంటారని 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల అంచనా. ఇందులో నీళ్ల వాటా కొంతే. పాత రంగుల పెచ్చులు, రంగు కలిపిన పసుపు, ఇళ్ల మధ్య బ్యాటరీలు కరిగించే పొగ కూడా ఉన్నాయి.

ఇంట్లో చేసుకోదగ్గవి కష్టమైనవేం కావు. పొద్దున్నే మొదటి బకెట్టు నీళ్లు మొక్కలకో, గచ్చు కడగడానికో వాడండి. తాగడానికీ వంటకీ ఆ తర్వాతి నీళ్లు పట్టుకోండి. గీజరు వేడినీళ్లు వంటకి వాడొద్దు. సీసాన్ని ఆర్‌వో చాలావరకు తీసేస్తుంది, మామూలు క్యాండిల్ ఫిల్టరు తియ్యదు. గొట్టం, కుళాయి కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర చూడండి. కళాయి వేయించేటప్పుడు కడ్డీ వంచి చూపించమని అడగండి.

మునిసిపాలిటీ చేయాల్సింది మునిసిపాలిటీయే చేయాలి. శాంపిల్ సీసా ట్యాంకు దగ్గర నింపితే ట్యాంకు సంగతే తెలుస్తుంది. ఏడాదికి ఒక్కసారైనా వార్డుకి కొన్ని ఇళ్లలో, బళ్లలో, అంగన్‌వాడీల్లో తెల్లారి కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు పట్టి సీసం పరీక్షకి పంపాలి. వచ్చిన రిపోర్టు వార్డు సచివాలయం బోర్డు మీద అంటించాలి. మీ వార్డులో ఆ పని జరుగుతోందా? ఈ వారమే వెళ్లి అడగండి.