మా చెవులూ చెవులే

ముదిగుబ్బ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మాకు తెలిసిన సంగీతం సినిమా పాటలు, జాతరలో ఉరుములు. పీజీలో పట్నం మిత్రుడొకడు వినమని 'కందిసా' ఆల్బమ్ పంపాడు. ఇండియన్ ఓషన్ బృందం 2000లో తెచ్చినది; రాక్, జాజ్, తబలా కలిసిన పాటలు.

"మాటే అర్థం కాదు, ఇదేం పాట?" అన్నాడొకడు. "ఆ తబలా వింటే మన ఉరుము గుర్తొస్తోంది" అన్నాడింకొకడు. 'మా రేవా' నర్మదమ్మ పాటని తెలిశాక అందరం గమ్మునయ్యాం. బోరు దగ్గర బిందెలు వరుసపెట్టి పెరిగినోళ్లం కదా!

మరునాడు మిత్రుడు "ఎట్లుంది?" అంటే "సూపర్" అని తప్పించుకున్నాం. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం. ఏమంటే నవ్వుతారోనని భయం. తమ్ముళ్లారా, రాత్రి గదిలో అన్న మాటలే అక్కడా అనాల్సింది. మీరైనా అనండి.